కిటికీలు తెరవని పెద్దాయన

తెరిచిన కిటికీ ఎక్కడ కనబడినా మూసేయడం పుప్పొడి పెద్దాయనకున్న ఒకే ఒక జబ్బు. బస్సెక్కితే పక్కవాళ్ళ కిటికీ కూడా ఆయనే మూసేవారు. ఎవరైనా పోయారని పరామర్శకు వెళ్తే ముందు ఆ ఇంటి కిటికీలన్నీ మూసి, అప్పుడు కూర్చుని, పోయినాయన చాలా మంచివాడనేవారు.

ఇదంతా ఆయన వృత్తి తెచ్చిన తంటా. రాయిని యాసిడ్లో కరిగిస్తే అందులో ఇరుక్కున్న కోట్ల ఏళ్ళనాటి పుప్పొడి, సిద్ధబీజాలు చెక్కుచెదరకుండా మిగులుతాయి. వాటిని మైక్రోస్కోపులో చూసి రాయి వయసెంతో, అప్పుడక్కడ అడవి ఉండేదో బురద ఉండేదో ఆయన చెప్పేవారు. కిటికీలోంచి ఇవాళ్టి పుప్పొడి కాస్త వచ్చి పడిందా, లెక్కంతా తలకిందులే. కొత్త డైరెక్టరు పూలగుత్తితో వస్తే గుమ్మంలోనే ఆపి, పూలు బయట పెట్టించి, కోటు దులిపి మరీ లోపలికి పంపిన ఘనత ఆయనది.

అదే గదిలో పనిచేసే ఆవిడకు ఇవన్నీ నవ్వులాటగానే ఉండేవి, భర్త మంచాన పడేదాకా. ఆ తర్వాత మూసిన ఆ గది, ట్యూబులైటు, యాసిడ్ వాసన కలిసి ఆమెను మింగేస్తున్నట్టుండేది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆ ఉద్యోగమూ ఏటేటా పొడిగిస్తేనే ఉన్నట్టు. ఒక మబ్బు సాయంత్రం, పెద్దాయన బయటికెళ్ళిన సమయంలో, ఊపిరాడక కిటికీ తెరిచింది. ఊచలు పట్టుకుని కరువుతీరా ఏడ్చింది. బొగ్గు గనివాళ్ళు పంపిన రాయిని కరిగించగా మిగిలిన మడ్డి, వెనక బల్ల మీద గాజు పళ్ళెంలో మూత లేకుండా ఉందన్న సంగతే ఆమెకు గుర్తులేదు.

మర్నాడు అందులో గడ్డి పుప్పొడి కనబడింది. ఆమె మనసు మనసులో లేదు, ఉన్నదున్నట్టు రాసి పంపేసింది. భూమ్మీద గడ్డి అన్నదే మొలవని కాలపు రాయి కాస్తా పసిపిల్లైపోయింది. ఇంత లేత రాయి దగ్గర బొగ్గుండదని గనివాళ్ళు తవ్వకం ఆపేశారు. మరోచోట పరీక్ష చేయించాక అసలు సంగతి తెలిసి డైరెక్టరు మీద విరుచుకుపడ్డారు.

డైరెక్టరు వచ్చి కిటికీ ఎవరు తెరిచారని అడిగాడు. తెరిచినవాళ్ళకు ఇక ఇక్కడ పని ఉండదన్నాడు. ఆమె నిజం చెప్పేద్దామని నోరు తెరవబోయింది. ఈలోగా పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు.

“నేనేనండీ. ఉక్కపోస్తుంటేను.”

డైరెక్టరు నమ్మలేక మళ్ళీ అడిగాడు.

“మీరు? కిటికీ తెరిచారు?”

“వయసు మీద పడింది కదండీ.”

అంత పచ్చి అబద్ధాన్ని కాదనాలంటే ఇంకొకరి పేరు పైకి అనాలి. డైరెక్టరుకు అందుకు మనసొప్పలేదు. పెద్దాయనను పనిలోంచి తీసేసే ధైర్యమూ లేదు. ఇకముందు కిటికీల జోలికి వెళ్ళనని రాసిమ్మన్నాడు. పెద్దాయన బుద్ధిగా రాసిచ్చారు. పరువు మాత్రం పోయింది. ఈ విద్య తెలిసినవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా, మీ గడ్డి క్షేమమేనా అని ఇప్పటికీ ఆయన్ని అడుగుతారు. ఆయనా క్షేమమేనంటారు.

ఆ రోజు డైరెక్టరు వెళ్ళగానే ఆమె, “సార్, ఆ సాయంత్రం నేనే...” అని మొదలుపెట్టింది.

“తెలుసమ్మా. మర్నాడు నీ కళ్ళు చూశాక ఇంకేమడుగుతాను? ఈసారి ఏడుపొస్తే మేడ మీదికి వెళ్ళు. అక్కడ గాలి బాగుంటుంది, రాళ్ళూ ఉండవు.”

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మేడ దాకా వెళ్ళే ఓపిక ఆమెకు లేదని ఆయనకు అర్థమైంది. గబగబా పళ్ళేలన్నిటికీ మూతలు పెట్టి, కిటికీ తలుపు తనే తీసి, ఇక కానిమ్మన్నారు.