ఇసుక మేస్త్రి జరిపిన వాగు

రైలు గేటు పడింది, బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి స్టీరింగు మీద తల ఆనించాడంటే ఇప్పట్లో కదలదని అర్థం. నా పక్క సీటు మనిషి మాత్రం ఒళ్ళోని రేకుపెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఎక్కినప్పటి నుంచీ ఆ పెట్టె మీద చెయ్యి తీయలేదతను. ప్రయాణాల్లో ఇలా కాపలా కాసేవాళ్ళను చాలామందిని చూశాను. ఒకావిడ రెండు రోజులు కంటిమీద కునుకు లేకుండా కాపాడుకున్న సంచిలో చివరికి ఉన్నవి పాత తలుపు గొళ్ళేలు. తొందరపడి ఎవర్నీ అనుమానించకూడదని ఆ రోజే అనుకున్నాను. అనుకున్నానే గానీ, ఈ పెట్టె కదిలినప్పుడల్లా లోపల ఏదో సరసరమని జారుతుంటే మనసు ఊరుకోలేదు.

అతనూ నన్ను వదల్లేదు. జేబు చూశాడు, వేళ్ళు చూశాడు.

"ఎందాకా పెద్దాయనా?"

"రోడ్డు ఎందాకా ఉంటే అందాకా."

"ఇలా చెప్పేవాళ్ళనే నమ్మకూడదు. మేజరు గారి మనిషా మీరు?"

"ఏ మేజరు?"

"తెలిసినవాళ్ళు అలాగే అడుగుతారు లెండి." తర్వాత అతని చూపు నా కాళ్ళ మీదికి దిగింది. నా ఎడమ చెప్పు దారంతో కుట్టి ఉంది. "అబ్బే, ఆఫీసు మనుషులు ఇలాంటివి తొడగరు" అని తనే తీర్పు చెప్పి, కాస్త జరిగి కూర్చున్నాడు. ఆ చెప్పు నాకు చేసిన మేలు అదొక్కటే.

సైనికాధికారులకు శిక్షణ ఇచ్చే బడిలో అతను ఇసుక మేస్త్రి. అందరూ పిలిచేది ‘మేస్త్రీ’ అనే. పెద్ద హాలులో, మోకాలెత్తు చెక్క తొట్టెలో, తడి ఇసుకతో కొండలు నిలబెడతాడు. రంగు వేసిన రంపపుపొట్టు అడవి, తెల్లదారం రోడ్డు, నీలిపొడి నీళ్ళు. నలభై మంది శిక్షణార్థులు చుట్టూ నిలబడి, ‘నా మనుషుల్ని ఇటు నడిపిస్తాను’ అని చెప్పాలి. రేపు ఏ నేల మీద నిలబడతారో ఎవరికీ తెలియదు కాబట్టి, ముందు నేలను చూడటం, అది మారితే మనసు మార్చుకోవటం నేర్పటమే ఆ తొట్టె పని. పాత యుద్ధాల గురించి నేను చదివిన పుస్తకాల్లో గెలిచినవాడి గుర్రం రంగు కూడా ఉంటుంది గానీ, ముందు రోజు వెళ్ళి ఆ వాగు లోతు చూసొచ్చినవాడి ఊసుండదు. ఇతను ఆ రెండో రకం మనిషి.

"ప్రతి కొండ ఎత్తూ వేళ్ళలెక్కన నోటుబుక్కులో రాసుకుంటాను. పరీక్షకి పెట్టే మా ఏడో నంబరు కొండ పద్దెనిమిదేళ్ళుగా వెంట్రుకవాసి కదల్లేదు. పెద్ద సార్లు అందరిముందూ మెచ్చుకున్నారు."

అతనికి అనుమానం మొదలైందీ ఆ కొండ దగ్గరే. బ్యాచి మారినా జవాబు మారటం లేదు. ఎడమ పక్క, లోయలోంచి, ఎండు వాగు దాటి. "దగ్గు కూడా ఒకేచోట దగ్గేవాళ్ళండీ!" జవాబు కాగితం బయటికి పోతోందనుకున్నాడు. టైపు కొట్టే గుమస్తాను అనుమానించాడు. కుర్రాళ్ళకు జుట్టు కత్తిరించే మంగలిని అనుమానించాడు. అదే బడి స్టోర్సులో పనిచేసే సొంత అల్లుడిని అనుమానించి, భోజనాల దగ్గర మాట్లాడటం మానేశాడు. "మీ నీడ జేబులు కూడా వెతకండి, ఓ పనైపోతుంది" అందట భార్య.

చివరికి హాలు ఊడుస్తుంటే మడతలు నలిగిన కాగితం దొరికింది. అందులో ఏడో నంబరు కొండ, వేలితో కొలిచినట్టు. ఏనాటి బ్యాచివాడో తొట్టె ముందు నిలబడి గీసుకున్నాడు, తర్వాతివాళ్ళకు ఇచ్చాడు.

"ఎవడూ దొంగ కాదు పెద్దాయనా. నేను కొండని కదలనివ్వలేదు. అందుకే ఆ కాగితం అన్నేళ్ళు బతికింది."

మొన్న పరీక్ష ముందు, ఎవరికీ చెప్పకుండా వాగు జరిపాడు. ఎడమ లోయ వెనక నీలిపొడి పోశాడు. ముప్ఫై తొమ్మిది మంది తమ మనుషుల్ని నేరుగా నీళ్ళలోకి నడిపించారు. ఒక్క పిల్ల మాత్రం తొట్టె పక్కన గొంతుక్కూర్చుని, గడ్డం అంచుకానించి చూసి, ‘ఎడమ పక్క నీళ్ళున్నాయి, కుడి నుంచి వెళ్తాను, గంట ఆలస్యమైనా సరే’ అంది. పరీక్ష పెట్టిన మేజరు చేతిలో పాత జవాబు కాగితం. తొట్టెకేసి చూడకుండానే తప్పు కొట్టాడు. సాయంత్రానికి ఇసుక చెరిపేయమన్నారు.

"ఈ పూట పదకొండింటికి విచారణ. ఆ పిల్ల ఉండాలో, ఇంటికి పోవాలో తేలుస్తారు. వాగు జరిగిందని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే."

"చెబితే?"

"అనుమతి లేకుండా పరీక్ష నేల మార్చినవాణ్ణవుతాను. ఏడాది సర్వీసుంది. అల్లుడూ అక్కడే. చెల్లెలి ఇంటికి పోతున్నానని చెప్పి బయల్దేరాను, టిక్కెట్టూ అక్కడికే తీశాను. బడి దారిలోనే వస్తుంది. దిగుతానో లేదో నాకే తెలీదు."

నాలోని అనుమానం ఇంకా చావలేదు. "ఆ పిల్ల మీకేమవుతుంది?" అన్నాను.

కోపమొస్తుందనుకున్నాను. మేస్త్రి తొడ చరుచుకున్నాడు. "చూశారా! వాళ్ళు అడిగేదీ అదే. ఏమీ కాదండీ, ఇరవై ఆరో నంబరని తప్ప పేరు కూడా తెలీదు. ఇంకోటి కూడా అంటారు, ‘నీ నీలిపొడి ఎవరికి కనపడుద్దయ్యా, నువ్వే చెప్పుంటావు’ అని."

అప్పుడు తెరిచాడు పెట్టె. తడి ఇసుక, పొట్లాలు, ఆ నోటుబుక్కు. మూత ఒళ్ళో పెట్టుకుని, నన్ను కిటికీలోంచి బయటికి చూడమని, తనపని తను చేసుకున్నాడు. నేను తిరిగేసరికి అరచేయంత కొండ, దాని పక్కన అగ్గిపుల్లల వంతెన.

"ఎటు పోతారు?"

"కుడి నుంచి. ఎడమ పక్క నీళ్ళన్నారుగా."

"చూడకుండా చెప్పారు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఏడాదికి రెండుసార్లు వినే మాట మళ్ళీ విన్నవాడి విసుగుంది. సిగ్గేసింది. నడుం వంచి, మూత అంచు దాకా తల దించాను. నీళ్ళు ఈసారి కుడి పక్కనున్నాయి, సన్నటి నీలిగీతలా.

"నీళ్ళు కుడివైపున్నాయి మేస్త్రీ!"

"కనపడుతోందా?"

"వంగితే కనపడుతోంది."

"కళ్ళద్దాల్లేకుండానే?"

"నాకు కళ్ళద్దాలే లేవు."

"మీ వయసెంత?"

"డెబ్భై నాలుగు."

మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. మళ్ళీ అవే చెప్పాను. గూడ్సు బండి వెళ్ళిపోయింది, గేటు లేచింది. మేస్త్రి వంతెనను తీసి నా మోకాలి మీద పెట్టి, కొండను పెట్టెలోకి దులిపి మూత బిగించాడు.

కాసేపటికి తెల్లసున్నం వేసిన పొడవాటి గోడ మొదలైంది. అతను లేచి నిలబడి బెల్లు తాడు లాగాడు.

"మీది ఆఖరి స్టాపు కదయ్యా?" అన్నాడు కండక్టరు.

"ఆపు ముందు."

పదకొండుకి పది నిమిషాలుంది. అతను దిగాక గానీ నేను చూసుకోలేదు, అగ్గిపుల్లల వంతెన నా మోకాలి మీదే ఉండిపోయింది. "మేస్త్రీ, మీ వంతెన!" అని కిటికీలోంచి కేకేశాను. వినపడే ఉంటుంది. గేటు దగ్గర కాపలా సిపాయి పెట్టె వైపు చెయ్యి చాచాడు. మేస్త్రి తనే మూత తీసి చూపించి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, వెనక్కి తిరక్కుండా లోపలికి నడిచాడు.