నిద్రలో తీసిన కొలతలు

మొన్న కొడవలూరు బడిలో, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలకు కుర్చీలు ఇస్తున్నారంటే, మా పక్కింటివాళ్లు తమ మనవరాలిని ఆటోలో తీసుకుపోతూ నన్నూ ఎక్కించుకున్నారు. నాకక్కడ పనేమీ లేదు. డెబ్బై దాటిన మగవాడికి ఎక్కడ మాత్రం పనుంటుంది గనక! వరండాలో వరసగా నీలంరంగు కుర్చీలు. కూర్చునే చోట వెనకవైపు పల్లం, మోకాళ్ల మధ్య చిన్న దిమ్మ, పాదాల కింద పలక. చూడగానే నా నోరు ఊరుకోలేదు. అక్కడున్న ఫిజియోథెరపీ అమ్మాయితో, "ఈ కుర్చీని నలభై ఏళ్ల కిందటే కనిపెట్టినోణ్ణి నేనమ్మా, కొలబద్ద కూడా లేకుండా చేసినా" అనేశాను. పాపం, ఆ పిల్ల నమ్మి నన్ను కుర్చీ పక్కన నిలబెట్టి ఫొటో కూడా తీసుకుంది. ఫొటో దిగేదాకా బాగానే ఉంది గానీ, తిరిగొచ్చేటప్పుడు వరిమళ్ల మీది చల్లగాలికి కళ్లు మూతలు పడి, ఆ మగతలో ఎప్పటిదో తడి ఇసుక వాసన ముక్కుకు తగిలేసరికి, నా అబద్ధం నాకే గుచ్చుకుంది. మీరు నా ఈడువాళ్లు కనక మీకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

ఆ కాలంలో నేను సముద్రపొడ్డున మా పల్లెలో పడవలు చేసే వడ్రంగిని. మా అక్క కూతురు రెండు రోజుల నొప్పుల తర్వాత నీలంగా పుట్టి, చాలాసేపటికి గానీ ఏడవలేదు. మూడేళ్లొచ్చినా మెడ నిలవలేదు. కాళ్లు కత్తెరలాగా ఒకదాని మీదొకటి పడేవి. చెయ్యి తాను అనుకున్నచోటికి కాక ఇంకెక్కడికో పోయేది. గ్రహణం నాడు అక్క గడప దాటిందని మా అమ్మా, ఎవరి దిష్టో తగిలిందని అక్క అత్తగారూ వాదించుకుని, చివరికి ఇద్దరూ కలిసి దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చారు. ఇప్పుడు దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటున్నారు. పుట్టుక వేళ మెదడుకు తగిలిన దెబ్బట. అంటుకునేది కాదు, ఎవరి పాపమూ కాదు, ఒళ్లు మాట వినకపోయినా బుద్ధి దీపంలా వెలుగుతూ ఉండవచ్చునట. మాకదేం తెలుసు? ఆ పిల్ల ముందే "దీనికేం తెలుస్తుంది" అనుకునేవాళ్లం. అందరికన్నా గట్టిగా అన్నవాణ్ణి నేనే. అక్క మాత్రం బిడ్డకు అన్నీ తెలుసుననీ, ఔనంటే కళ్లు పైకెత్తుతుందనీ, కాదంటే మూసుకుంటుందనీ చెప్పేది. తల్లిప్రేమకు కళ్లుండవులే అని నేను నవ్వేవాణ్ణి.

పిల్లకు ఏడో ఏడు రాగానే అక్క దాన్ని చంకనేసుకుని మా ఊరి బడికి పోయింది. హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు, భయస్థులు. ఎవరూ పట్టుకోకుండా కూర్చోగలిగితే బడి తెరిచే రోజున చేర్చుకుంటాననీ, పడి తల పగిలితే పూచీ తనది కాదనీ చెప్పి పంపారు. అక్కడినుంచి అక్క నేరుగా నేను పని చేస్తున్న పడవ దగ్గరికి వచ్చింది.

"ఇంత పడవ చేస్తావు, ఇంత బిడ్డకి కుర్చీ చెయ్యలేవంట్రా?"

అదెంత పని అన్నాను. కానీ కొలతలు తీద్దామని దారం తగిలించగానే ఆ పిల్ల ఒళ్లు విల్లులా బిగుసుకునేది. మూడు సార్లు ప్రయత్నించి, నా తెలివికి నేనే మురిసిపోతూ, మధ్యాహ్నం అది నిద్రపోయేదాకా ఆగాను. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. తాటాకు పందిరి కింద చాప, ఆకుల సందుల్లోంచి చాప మీద పడి కదిలే వెలుగు మచ్చలు, అలల చప్పుడు కూడా కునుకుతున్నట్టు నెమ్మదిగా. నిద్రలో దాని కాళ్లు వాటంతటవే విడిపోయాయి, పిడికిళ్లు పువ్వుల్లాగా తెరుచుకున్నాయి. నిద్రలో ఆ బిడ్డకు ఏ జబ్బూ లేదు. దారానికి ముళ్లు వేసుకుంటూ, ఇది లేచాక కూడా ఇట్లాగే ఉంటే ఎంత బాగుండునని కాసేపు నేనూ కలగన్నాను.

కలకు కొలతలు తీస్తే ఏమవుతుంది? వేపచెక్కతో నిటారు కుర్చీ చేసి, వీపు పలక మీద తామరపువ్వు చెక్కి, హెడ్మాస్టరు గారిని పిలిపించి మరీ అందరి ముందూ పిల్లను కూర్చోబెట్టాను. దానికి పట్టరాని సంతోషం. సంతోషమొచ్చినా దాని ఒళ్లు బిగుసుకుంటుందని నాకు తెలియదు. నడుము నిలువునా సాగి, చేతిలోంచి చేప జారినట్టు కిందికి జారింది. అక్క పట్టుకోబట్టి సరిపోయింది. హెడ్మాస్టరు గారు తల అడ్డంగా ఊపి, "ఇంకా వారముందమ్మా" అని వెళ్లిపోయారు.

అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. "కుర్చీ బాగానే ఉందిక్కా, కూర్చునేదే బాగలేదు" అన్నాను.

అక్క, "దాన్నే అడుగుదాం ఉండు" అని బిడ్డ ముందు చతికిలబడింది. "ఇంట్లోకి పోదామా?" కళ్లు మూసుకుంది. "ఇంకా ఎత్తు కుర్చీ కావాల్నా?" మూసుకుంది. "ఇసక కాడికా?" కళ్లు ఆకాశమంత పైకి లేచాయి.

సాయంత్రాలు ఎండుచేపలు తిరగేస్తూ అక్క అలల అంచున తడి ఇసుకలో గుంట చేసి బిడ్డను కూర్చోబెట్టడం నేను నూరుసార్లు చూసినవాణ్ణే. ఆ రోజు మొదటిసారి చూశాను. పిరుదులు లోతుగా దిగి మోకాళ్లు పైకి లేచేట్టు పల్లం, కాళ్లు కత్తెర పడకుండా మధ్యలో ఇసుక ముద్ద, రెండు పక్కలా గట్టిగా మెత్తిన ఇసుక. అందులో ఆ పిల్ల రాణిలాగా కూర్చుని, ఒక చేత్తో గవ్వను పట్టుకునే ప్రయత్నంలో ఉంది. అక్క ఎత్తుకోగానే ఆ గుంట అట్లాగే మిగిలింది. అల వచ్చేలోపల మోకాళ్ల మీద కూర్చుని దారంతో కొలుచుకున్నాను. అంటే, కుర్చీని కనిపెట్టింది మా అక్క, చెప్పింది ఏడేళ్ల పిల్ల. నేను చెక్క కోశానంతే.

బడి తెరిచిన రోజున ఆ రెండో కుర్చీని తలమీద మోసుకుపోయాను. నేను ఊళ్లో చెప్పే కథలో హెడ్మాస్టరు గారు లేచి నిలబడి నాకు దండం పెడతారు. అసలు జరిగింది ఇది: ఇంటర్వెల్ గంట కొట్టేదాకా ఆయన పాఠం మానేసి పిల్లనే చూస్తూ ఉండిపోయి, అది పడకపోవడంతో నిట్టూర్చి, రిజిస్టరులో పేరు రాసుకున్నారు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ అక్క మధ్యాహ్నం దాకా ఇంటికి పోలేదు.

మా మేనకోడలు ఆ బడిలో అయిదు తరగతులూ చదివింది. ప్రతి ఏడూ కొత్త కుర్చీ చేసిచ్చాను, ఇది మాత్రం నిజం. పక్క ఊరి హైస్కూలుకు ముందు ఏడు మెట్లుండేవి. రోజూ ఎవరు ఎత్తుకుంటారని వాళ్లడిగారు. అక్క నడుము అప్పటికే పడిపోయింది, నేను తలొంచుకున్నాను. ఆ పిల్ల మెట్లకేసి కాసేపు చూసి కళ్లు మూసుకుంది. దాని చదువు అక్కడితో సరి. ఇప్పుడు ఏ బడికి పోయినా మెట్ల పక్కన ఏటవాలుగా సిమెంటు బాట ఉంటోంది, పిల్లలు చక్రాల కుర్చీల్లో జర్రున పోతున్నారు, ఎవరూ దాన్ని వింతగా చూడటం లేదు. ఆ వాలుబాట ఎక్కడ కనబడినా నా కాళ్లు ఆగిపోతాయి. ఒడ్డున నిలబెట్టిన పడవలోకి ఎక్కడానికి రోజుకు ఇరవైసార్లు నేనే ఒక వాలుబల్ల వేసుకునేవాణ్ణి. ఆ ఏడు మెట్ల మీద అటువంటి బల్ల ఒకటి వెయ్యాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.