కండ్లు మూస్తేనే కరెంటు

అబ్దుల్ ఖాదర్ మేస్త్రీకి ఒక్కటే పిచ్చి. కళ్లు మూసుకోనిదే ఎవర్నీ బ్యాటరీ ముట్టనిచ్చేవాడు కాదు.

నందికొండలో ఆనకట్ట కడుతున్న రోజులవి. కూలీల గుడిసెల పక్కన రేకుల దవాఖాన, దాని వెనక ఆయన గది. అందులో వరసగా ఆరు బ్యాటరీలు, వాటి కరెంటును బల్బు వెలిగే కరెంటుగా మార్చే ఓ మిషన్. లైను కరెంటు పోగానే మిషన్ తీగలు రెండూ బ్యాటరీలకు బిగించాలి. ఎర్రది ప్లస్సుకు, నల్లది మైనస్సుకు. తారుమారైతే మిషన్ మాడి మసైపోతుంది. ఒంటి మీది ఉంగరమో గొలుసో తగిలినా నిప్పురవ్వలే. చూసి బిగిస్తే సరిపోయే పనికి ఈ మహానుభావుడు ఎర్ర తీగకు సుతిలి తాడుతో ముడి వేసి, "ఉంగరం తియ్యి. కండ్లు మూయి. ముడి తడుము. లావు బొడిపె తడుము. గప్పుడు బిగియ్యి" అని మంత్రం చదివేవాడు.

ఒకసారి డాక్టరే గది చూడటానికి వచ్చాడు.

"గడియారం తీయండ్రి సాబ్. జర కండ్లు మూయండ్రి."

"ఖాదర్, నేను గిట్లనే కండ్లు మూసుకొని కడుపు కోస్తే నువ్వు పండుకుంటవా?"

"మీ కత్తి మీ ఇష్టం సాబ్. నా బ్యాటరీ నా ఇష్టం."

పాపం, డాక్టరు కళ్లు మూసుకుని ముడి వెతుక్కున్నాడు. నర్సు గుర్వమ్మను పుస్తెలతాడు తియ్యమంటే, "నా పెనిమిటి నిండు నూరేండ్లు బతకాలె, ఏం మాటలవి!" అని తిరగబడింది. అయినా ఖాదర్ వదల్లేదు. మెడ చుట్టూ కొంగు బిగించుకోమని, కళ్లు మూయించాడు.

ఊరంతా నవ్వేది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన దగ్గరే పనిచేసే జానయ్య. ఇద్దరు పిల్లల తండ్రయ్యుండీ, చాయ్ హోటల్లో కళ్లు మూసుకుని మిర్చీబజ్జీ తడిమి, "లావుగున్నది, గిది ప్లస్సు!" అనేవాడు.

ఆ నవ్వు వెనక మాత్రం వణుకే. జానయ్యకు ఎరుపూ నలుపూ ఒక్కలాగే కనిపిస్తాయి. పెళ్లాం ఉప్పలమ్మకు కూడా చెప్పలేదు. తెలిస్తే కరెంటు పని పోయి మళ్లీ రాళ్లు మోయాలి. ఆ సిగ్గు బయటపడకుండా మేస్త్రీని నలుగురిలో నవ్వులపాలు చేసేవాడు.

ఓ శుక్రవారం ఖాదర్ నమాజుకు వెళ్లాడు. హోటల్ దోస్తులు గదికి వచ్చారు. వాళ్లను నవ్వించే ఊపులో తన సంగతే మరిచి జానయ్య కత్తెర తీసుకుని సుతిలి ముడి కాస్తా కత్తిరించాడు. "ముసలోడు ఇయ్యాల ఏం తడుముతడో సూద్దాం!"

దోస్తులు నవ్వుకుంటూ వెళ్లారో లేదో, పట్టపగలే మబ్బు కమ్మేసింది. గాలివాన. లైను పోయింది. లోపల రాయి మీద పడి కాలు నలిగిన కూలీకి డాక్టరు కుట్లు వేస్తున్నాడు.

"జానయ్యా, లైటు! నెత్తురు ఆగుతలేదు!" గుర్వమ్మ కేక.

జానయ్య రెండు తీగలూ పట్టుకున్నాడు. రెండూ ఒక్కటే. ఎర్రది ఏదని గుర్వమ్మను అడిగితే అయిపోయేది. అవతల మనిషి ప్రాణం మీదికొస్తే ఇవతల వీడికి పరువు అడ్డొచ్చింది. ఛీ, ఏం బతుకు నాదని తనను తానే తిట్టుకున్నాడు.

ఖాదర్ తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు. వెనకే గుర్వమ్మ.

"మేస్త్రీ, నాకు ఎర్రదేదో తెలుస్తలేదు! ఎన్నడూ తెల్వది!" జానయ్య గట్టిగా అరిచేశాడు.

ఖాదర్ ఒక తీగ అతని చేతిలో పెట్టాడు. "గిది. బిగియ్యి."

దాన్ని లావు బొడిపెకు, రెండోదాన్ని మిగిలినదానికి బిగించాడు. లోపల బల్బు వెలిగింది. గుర్వమ్మ పరుగెత్తుకెళ్లింది.

"ముడి నేనే కోసిన, మేస్త్రీ."

"కనిపిస్తాంది."

"నా కండ్ల సంగతి..."

"తెల్సు. నువ్వొచ్చిన మూడో దినం ఎర్ర డబ్బా తెమ్మంటే నల్లది తెచ్చినవ్."

"మరి రెండేండ్లు నాకొక్క మాట చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు సిగ్గుతోటి పారిపోదువు. నీ ఒక్కని కండ్లు మూయిస్తే నలుగురికి తెలుస్తది. గందుకే అందరియి మూయించిన."

డాక్టరుతో సహా! జానయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు. అక్కడే బ్యాటరీల మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏయ్!" ఖాదర్ అతని భుజం పట్టి లాగాడు. "ఉప్పు నీళ్లు పడితే బ్యాటరీలు ఖరాబైతయ్. జర గా మూలకు పోయి ఏడువు!"