పుస్తకంలో మనిషికి మా మామ్మ మొక్కు

నా చిన్నప్పుడు మా బడిలో పుస్తకాలున్నాయన్న సంగతి మాకెవరికీ తెలియదు. పొందూరు దగ్గర చిన్న పల్లె మాది. ఒకటే గది, ఒకరే మేష్టారు, అయిదో తరగతి వరకే చదువు. ఆ గది మూల ఒక ఇనప పెట్టె ఉండేది. పాత మేష్టారు దాని మీద గొడుగూ మంచినీళ్ళ చెంబూ పెట్టుకునేవారు. ఆయన లేనప్పుడు మేమెక్కి కూర్చుని ఎక్కాలు వల్లించేవాళ్ళం. లోపలేముందో అడగాలని ఎవరికీ తోచలేదు. తాళం వేసి ఉందంటే సర్కారు సొమ్ము, జోలికి పోకూడదు, అంతే. పాపం ఆయన్ని అనడానికి లేదు. లోపలి వస్తువు ఏది పోయినా జీతంలో కోస్తారని ఆయన భయం.

నేను అయిదో తరగతిలో ఉండగా ఆయన బదిలీ అయి కొత్త మేష్టారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో నవ్వు దాచుకున్నట్టు ఉండేవారు. వచ్చిన వారంలోనే పెట్టె తాళంచెవి కోసం వెతికి, దొరక్కపోయేసరికి ఒక రాయి తెచ్చి మా కళ్ళముందే తాళం పగలగొట్టారు. ఇంక పోలీసులొస్తారని మేమంతా గోడకి అతుక్కుపోయాం. తీరా చూస్తే లోపల పుస్తకాలు! పైవరస బాగానే ఉంది గాని అడుగున చెదలు పట్టింది. వాటిని ఎండలో పెట్టి దులిపి, ఎక్కడ పెట్టాలా అని చూశారు. బడికి బీరువా లేదు. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ వడికిన నూలు చుట్టలు, చిలపలంటాం, వేలాడదీసుకునే వెదురు దండేలుంటాయి. తలొకటీ తెమ్మన్నారు. గది ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టి, బట్టలు ఆరేసినట్టు పుస్తకాలు ఆరేశారు. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. ఒక్కటే షరతు. ఇంటికి పట్టుకెళ్ళి ఎవరికైనా పైకి చదివి వినిపించాలి. విన్నవాళ్ళు ఏమన్నారో మర్నాడు వచ్చి ఆయనకి చెప్పాలి.

బొమ్మల పుస్తకాలన్నీ మగపిల్లలు ఎగరేసుకుపోయారు. నాకు మిగిలింది బొమ్మ ఒక్కటైనా లేని లావుపాటి పుస్తకం. ఏం చేస్తాను, అదే పట్టుకెళ్ళాను.

మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళకి నూలు వడకడమే పని. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి డొప్పలో భద్రంగా పెట్టి, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా అరుగు మీద రాట్నాలు తిప్పేవారు. మా నాన్నమ్మ, అంటే మా మామ్మ, ఆ అరుగుకి పెద్ద. ఆవిడ తీసే పోగు కంటికి ఆనేది కాదు. ఆడపిల్లకి అయిదో తరగతి అయిందంటే రాట్నం ముందు కూర్చోవాల్సిందే. పక్క ఊళ్ళో పెద్ద బడి ఉన్నా మా వీధి నుంచి ఒక్క ఆడపిల్లా అక్కడికి వెళ్ళలేదు. మా తాతయ్య అప్పటికే వడ్రంగి చేత నాకొక కొత్త రాట్నం చేయించి గది మూల పెట్టించారు. అన్నం తింటుంటే ఎదురుగా అదే కనపడేది. నాకు చదువుకోవాలని ఉండేది గాని, తాతయ్య ముందు నోరెత్తే ధైర్యం మా నాన్నకే లేదు, నాకెక్కడిది?

ఆ మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని పుస్తకం తీశాను. మామ్మ కసిరింది. "ఒసే గుంటా, ఆ సణుగుడేటే? వచ్చి ఏకులందియ్యి."

మేష్టారు ఎవరికైనా చదివి వినిపించమన్నారని చెప్పాను.

"అయితే దూడకి ఇనిపించు" అంది.

నవ్వకండి, నిజంగానే వెళ్ళి దూడ ముందు కూర్చున్నాను. షరతు షరతే కదా! గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. రేవులో ఉండే ఒక పిల్ల, తల్లి లేదు, తండ్రి నావ మీద సముద్రంలోకి వెళ్తాడు. రెండు పేజీలయ్యాయో లేదో అరుగు మీద నుంచి పక్కింటి అక్క కేకేసింది. "గట్టిగా సదవే, ఇనపడ్డం లేదు!" ఇంకాసేపటికి మామ్మే, "దూడకేటి తెలుస్తాది, ఇలా రా" అంది. దూడని ఒగ్గేసి అరుగెక్కాను.

రాట్నం ముందు కూర్చున్న మనిషికి చేతులకి పనే, కళ్ళకి పనే. చెవులు మాత్రం ఖాళీ. అంతవరకూ ఆ చెవుల్లోకి ఊళ్ళోవాళ్ళ గుట్టుమట్లన్నీ పోసుకునేవారు. ఇప్పుడు కథ పోయడం మొదలైంది. వారం తిరిగేసరికి వేరే వీధుల వాళ్ళు కూడా రాట్నాలు మోసుకుని మా అరుగుకి వచ్చేవారు. తాతయ్య అరుగు చివర మంచం మీద అటు తిరిగి పడుకునేవారు. గురక పెట్టే మనిషి నేను చదువుతుంటే మాత్రం గురక పెట్టేవారు కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు.

పొద్దున్నే బడిలో మేష్టారికి నివేదించుకునేదాన్ని. కథలో ఆ పిల్లని తరిమేసిన సావుకారుని మా మామ్మ ఎలా తిట్టిందో ఉన్నదున్నట్టు చెప్పాను. కొన్ని మాటలు బడిలో అనకూడనివి. మేష్టారు నవ్వలేక బల్ల పట్టుకున్నారు. "ఈ కథ రాసినాయన వింటే ఎంత సంతోషిస్తారో!" అన్నారు.

తరవాత కథలో తుఫాను వచ్చింది. నావ జాడ లేదు. పిల్ల ఒక్కర్తీ రేవులో నిలబడి ఉంది. ఆ రోజు అరుగు మీద పోగు తెగని రాట్నం లేదు. "ఓలమ్మ! గుంటని ఒక్కర్తినీ రేవులో ఒగ్గేసి ఎల్లిపోనాడేటి!" అని మామ్మ చెంపలు నొక్కుకుంది. అంతటితో ఊరుకుందా? లేచి నిలబడి, అమ్మవారి గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "తల్లీ, ఆ నావ ఒడ్డుకి సేరితే నీకు పసుపునీళ్ళ ఘటం ఎత్తుతాను."

మా అమ్మ నవ్వాపుకోలేక, "అత్తా, అది కత గదా!" అంది.

"కతైతే మాత్రం నావ మునిగిపోవాలేటే?" అంది మామ్మ.

మర్నాడు పిడుగు పడినంత పనయింది. పేజీ తిప్పితే తరవాతి పేజీ లేదు. మిగిలినదంతా చెదలు తినేసి, వెనక అట్టకి మట్టి మాత్రం అంటుకుని ఉంది. నేను ముందే చూసుకోలేదు. లేదు మామ్మా అంటే, "లేకపోవడమేటి?" అని పుస్తకం లాక్కుని తలకిందులు చేసి దులిపింది. ఎర్రమట్టి రాలింది. ఎప్పుడూ బడి గుమ్మం తొక్కని మనిషి, కొంగు నడుముకి దోపుకుని బయల్దేరింది. నేను వెనకాల పరుగు. "సముద్రంలో సగంలో మనిసిని ఒగ్గేసే బడి ఏటి బడి!" అని దారి పొడుగునా ఒకటే కేకలు. మేష్టారు ఎదురొచ్చి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి, నన్ను బయట ఉండమన్నారు. మొదట మామ్మ గొంతు వినపడింది. తరవాత మేష్టారిది. ఆ తరవాత ఏమీ వినపడలేదు. బయటికి వచ్చిన మామ్మ నన్ను వెంటబెట్టుకుని గబగబా ఇంటికి నడిచింది.

సాయంత్రం తాతయ్యకి అన్నం వడ్డిస్తూ చెప్పింది. "ఆ పుస్తకం పక్కూరి పెద్ద బడిలో నిండుగా ఉన్నాదట. ఆరో తరగతిలో సేరిన పిల్లలకే ఇస్తారట. ఏటి సేత్తాం, దీన్ని పంపాల."

తాతయ్య చెయ్యి ఆగింది. మూలనున్న కొత్త రాట్నం వైపు చూశారు, నా వైపు చూశారు. "కత అయిపోగానే మానిపించీ" అని మజ్జిగ పోయమన్నారు. నేను పెరట్లోకి పోయి దూడని కావలించుకున్నాను. మేష్టారు ఎంత ఎత్తు వేశారు, మా మామ్మని ఎంత బాగా బుట్టలో పెట్టారు అని మురిసిపోయాను.

వేసవంతా అరుగు మీద అదే చర్చ. నావ మునిగిందని పక్కింటి అక్క, మునగలేదని మామ్మ. ఒకరి ముగింపు ఇంకొకరు ఒప్పుకునేవారు కాదు. దెబ్బలాడుకుని రెండు రోజులు మాటలు మానేసినవాళ్ళు కూడా ఉన్నారు.

బడి తెరిచిన రోజు మామ్మే నన్ను తీసుకెళ్ళింది. పెద్ద బడిలో నిజంగానే అద్దాల బీరువా ఉంది, నిండా పుస్తకాలున్నాయి, కప్పంత తాళమూ ఉంది. పెద్ద మేష్టారి గదిలోకి తిన్నగా వెళ్ళి మామ్మ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "బేగి ఆ తాళం తియ్యండి బాబూ, మా మనిసి సముద్రంలో ఉన్నాడు."

ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. ఏ ఊరు, ఏ నావ, ఎప్పుడెళ్ళాడు అని గాభరాగా అడిగారు. మామ్మ కథ మొదటినుంచీ చెప్పింది. సగంలో సంగతి అర్థమై ఆయన కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వీ నవ్వీ, తనే లేచి తాళం తీశారు. ఆ బీరువా మళ్ళీ మూయడం నేను అక్కడ చదివినన్నాళ్ళూ చూడలేదు.

ఆ సాయంత్రం మా వీధంతా అరుగు మీదే. నావ విరిగింది గాని తండ్రి బతికే ఉన్నాడు. ఎక్కడో దూరపు ఒడ్డుకి కొట్టుకుపోయి, కూలి చేసుకుంటూ కాలినడకన వచ్చాడు. గడ్డం పెరిగిన ఆ మనిషిని పిల్ల గుర్తుపట్టక ఎవరు కావాలని అడిగింది. అక్కడ చదవలేక ఆగిపోయాను. తాతయ్య మంచం మీద లేచి కూర్చుని, "ఆగిపోనావేటే, సదువు!" అని గద్దించారు. ఆయన వింటున్నట్టు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

మంగళవారం నాడు మామ్మ తలస్నానం చేసి పసుపునీళ్ళ ఘటం ఎత్తుకుంది. వెనక వడికే ఆడవాళ్ళంతా, డప్పు, మా పల్లె బడి మేష్టారు. ఎవరి పేరు మీద మొక్కమ్మా అని పూజారి అడిగితే కథలో తండ్రి పేరు చెప్పింది. ఏ ఊరు అంటే, "పుస్తకంలో ఊరు" అంది. పూజారి ఒక్క క్షణం తబ్బిబ్బయి, సరేలే అని హారతిచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తాతయ్య, కథ అయిపోయింది గదా అన్నారు. నేను మామ్మ వైపు చూశాను. మామ్మ తలైనా ఎత్తలేదు. "ఆ బీరువాలో ఆ ఒక్క పుస్తకమే ఉన్నాదేటి?" అని ఆయనకి ఇంకాస్త అన్నం వడ్డించింది. కొన్నాళ్ళకి ఆ కొత్త రాట్నం పక్కింటి అక్కకి వెళ్ళిపోయింది.

అలా ఒక పుస్తకం తరవాత ఒక పుస్తకం మీద నా చదువు సాగింది. చదివి నేనూ పంతులమ్మనయ్యాను. గజపతినగరం దగ్గరి ఒక బడిలో మొదటి రోజు నేను అడిగింది హాజరుపట్టీ కాదు, బీరువా తాళంచెవి. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి మేష్టారి ఇంటికి వెళ్ళాను. అప్పటికి మామ్మ లేదు. మీరు ఆ రోజు మామ్మని బుట్టలో పెట్టబట్టే నాకీ బతుకు అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టాను.

ఆయన నన్ను లేపి కూర్చోబెట్టారు. "నేను కాదమ్మా. నేను ఆ పుస్తకం చదివినవాణ్ణే. ఆ రోజు ఆవిణ్ణి కూర్చోమని, చివరికి ఏమైందో చెప్పేస్తాను అన్నాను. మీ మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. 'వద్దు బాబూ. మీరు సెప్పీసినారంటే మా గుంటని ఇంక బడికి ఏ వంకతో పంపను? ఆ పుస్తకం ఇంకెక్కడుంటాదో అది సెప్పండి. అదే సదివి సెప్తాది' అంది. పెద్ద బడిలో ఉందని మాత్రం చెప్పాను. ఆరో తరగతి పిల్లలకే ఇస్తారన్న మాట నాది కాదు, ఆవిడ కల్పించిందే."

ఆ ఇంట్లో, ఆ కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నావ ఏమైందోనని అమ్మవారికి మొక్కుకున్న మనిషి! అడిగితే ఆ నిమిషంలోనే తెలిసిపోయేది. నా కోసం వేసవంతా తెలుసుకోకుండా ఉండిపోయింది. అరుగు మీద అందరితో సమానంగా దెబ్బలాడింది కూడా.

ఇప్పుడు మా పల్లె బడిలో ఒక గదికి రంగులు వేసి, చుట్టూ అరలు కట్టించి గ్రంథాలయం పెట్టారు. పుస్తకాలు పోతాయేమోనని తలుపులకి తాళం తెచ్చారు గాని, ఆ తాళం నేను ఇంటికి తెచ్చేసుకున్నాను. మా పశువుల పాకకి పనికొచ్చింది. శనివారాలు నేను వెళ్ళి, ఏటేటా కొత్తగా చేరిన పిల్లలకి ఆ నావ కథ చదువుతాను. సరిగ్గా నావ జాడ తెలియని చోట పుస్తకం మూసేస్తాను. చివరికి ఏమైందో చెప్పమని పిల్లలు మీదపడి పీకుతారు. మొన్న ఒక గుంట అయితే ఏడ్చినంత పని చేసింది. నాకూ చెప్పెయ్యాలనే ఉంటుంది, ప్రాణం కొట్టుకుపోతుంది. అయినా మా మామ్మలాగే చెయ్యి అడ్డం పెట్టి, "తలుపు తీసే ఉన్నాది గదే. ఎల్లి తీసుకో, ఇంటికాడ మీ మామ్మకి సదివి సెప్పు" అంటాను.