అంకుల్ గారి సత్తు మగ్గు

అమెరికాలో, అట్లాంటా దగ్గరి అల్ఫారెట్టాలో మా వీధి చివర ఒక చిన్న బార్ ఉంది. కౌంటర్ పైన కొక్కేలకు సత్తు మగ్గులు వేలాడుతుంటాయి. తరచూ వచ్చేవాళ్లు తమ పేరు చెక్కించుకుని మగ్గు అక్కడే ఉంచుకుంటారు. ఒకరి మగ్గులో ఇంకొకరు తాగరు.

మా పక్కింటి అంకుల్ రిటైరైన డాక్టర్. మందు ముట్టి ఎరగరు. అలాంటి ఆయన పేరున్న మగ్గు అక్కడ వేలాడుతోందని గుడిలో ఎవరో ఆయన భార్య చెవిన వేశారు. ఆంటీ వెంటనే నాకు ఫోన్ చేశారు.

"కొంచెం ఆ బార్‌దాకా తోడొస్తావా అమ్మా? ఒక్కదాన్నే లోపలికి వెళ్తే బాగుండదు."

"వెళ్లి ఏం చేస్తారాంటీ?"

"వాసన చూస్తాను."

మేం వెళ్లేసరికి అంకుల్ తనతో రోజూ వాకింగ్‌కి వచ్చే అమెరికన్ పెద్దాయనతో నవ్వుతూ కబుర్లాడుతున్నారు. ఆంటీని చూసి మగ్గు చాటున మొహం దాచుకోబోయారు గానీ, అది అంత పెద్దది కాదు. ఆవిడ మగ్గు లాక్కుని వాసన చూశారు. అల్లం వాసన. మందు కాదు, జింజర్ ఏల్ అనే కూల్‌డ్రింకు.

"దీనికోసం ఇక్కడిదాకా రావాలా? ఇంట్లో గ్లాసులు లేవూ?"

"ఏది తీసినా, అది మనవరాలిది, ఇది గెస్టులది అంటావు. నాదంటూ ఏదుంది?" అన్నారు అంకుల్, మెల్లగా.

ఆంటీ మగ్గును అటూ ఇటూ తిప్పి చూసి, "మా అమ్మమ్మ ఇలాంటి సత్తు గ్లాసుల్ని పెరట్లోకి తోసేసేది. వీటికి పేర్లు కూడానా" అంటూ ఎదురుగా కూర్చున్నారు. కాఫీ అడిగారు. అదీ సత్తు మగ్గులోనే కావాలన్నారు. కాఫీ పోయగానే మగ్గు చెయ్యి పెట్టనివ్వకుండా కాలింది. చున్నీ కొస చుట్టి పట్టుకుని, ఊదుకుంటూ తాగారు. ఈలోగా ఆ పెద్దాయన మోకాళ్ల నొప్పి కథంతా విని, నువ్వుల నూనె రాయమని సలహా కూడా ఇచ్చారు. ఇంటికి బయల్దేరదీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నెల తిరక్కుండా అక్కడ ఆంటీ పేరుతోనూ ఒక మగ్గు వెలిసింది. అంకుల్ దానికంటే పెద్దది.

మొన్న చెత్తడబ్బా బయట పెడుతూ అంకుల్ నన్ను ఆపారు.

"ప్రశాంతంగా కూర్చునే చోటు ఇంకేదైనా ఉందా అమ్మా? ఆంటీకి చెప్పకు."

పక్క ఊరు కమ్మింగ్‌లో ఒకటుందని చెప్పాను.