రెండో తలుపు చప్పుడు

ఇవాళ ఆదివారం. భోజనాలయ్యాక, పెరుగన్నం తెచ్చిన మత్తులో బాల్కనీలో కునికిపాట్లు పడుతుంటే కింద గ్యారేజీ షట్టరు లేచిన చప్పుడైంది. కాసేపటికి కారు తలుపు ధడేలుమంది. నాకు నిద్ర ఎగిరిపోయింది. చెవులు రిక్కించి రెండో తలుపు కోసం ఆగాను. అది పడలేదు. ఇంజను ఒక్కసారి గర్జించి, రెయిలింగు మీద పెట్టిన నా టీ గ్లాసును వణికించి, వీధి చివర మలుపు తిరిగి పోయింది. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి నావైపు ఒక చూపు చూసి మళ్ళీ గిన్నెల్లో పడింది. పోయినేడాదైతే ఏదో ఒక మాట అనేది. ఇప్పుడు చూపుతోనే సరిపెడుతోంది.

మేముండేది జర్మనీలో, వాల్డార్ఫ్‌కి కూతవేటు దూరంలో ఓ చిన్న ఊరు. పై అంతస్తు మాకు అద్దెకిచ్చి, కింద ఇంటి ఓనరు దంపతులుంటారు. ఓనరు గారు ప్రింటింగు యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి పనికీ ఆయనకొక పద్ధతి ఉంటుంది. మేం కొత్తగా దిగినప్పుడు ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలో పాఠం చెప్పి, ఆ తర్వాత చాలాకాలం డబ్బాల మూతలెత్తి, పరీక్ష పేపర్లు దిద్దే పంతులు గారిలా తల ఊపుకుంటూ చూసేవాడు. ఆదివారం నాడు చప్పుడు చెయ్యకూడదన్నది ఈ దేశపు మడి. ఓసారి ఆదివారం పొద్దున మా ఆవిడ కొబ్బరిపచ్చడికి మిక్సీ వేస్తే, మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఆదివారం" అని మేం మరిచిపోయామేమో అన్నట్టు గుర్తుచేసి వెళ్ళాడు. అదే పెద్దమనిషి, అదే మధ్యాహ్నం, తన అమెరికా కారు స్టార్టు చేస్తే వీధిలో కిటికీ అద్దాలన్నీ గడగడలాడాయి. దానికి మాత్రం మడీ లేదు, మైలా లేదు.

ఆ కారుది పొడుగాటి ముక్కు, పొట్టి తోక, ఎనిమిది సిలిండర్ల ఇంజను. అమెరికావాళ్ళు ఇలాంటివాటిని మజిల్ కార్లంటారు. పక్క ఊళ్ళో అమెరికా సైన్యం ఉన్న రోజుల్లో ఒక సైనికుడు దాన్ని ఓడలో తెప్పించుకుని, తిరిగి పోయేటప్పుడు, అప్పటికింకా కుర్రాడైన మా ఓనరు గారికి అమ్మేసి పోయాడట. ఆయన దాంట్లో ఎక్కించుకుని తిప్పిన మొదటి అమ్మాయే ఓనరమ్మ. ఆమెకిప్పుడు తుంటి ఆపరేషనై కర్ర పట్టుకుని నడుస్తుంది గానీ, ఆదివారం వచ్చిందంటే మెడలో రుమాలు కట్టుకుని, పెదాలకు రంగు వేసుకుని తయారయ్యేది. ఆ కారు ముందు భాగంలో విడివిడి సీట్లు ఉండేవి కావు. ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పొడుగాటి బెంచీ సీటు. ఓనరమ్మ కర్ర వెనక పడేసి, అంచు మీద కూర్చుని, మెల్లగా జరిగి జరిగి, ఆయన కూర్చుంటే భుజానికి భుజం తగిలేంత దాకా జరిగేది. ఆమెవైపు తలుపు ఆయనే కారు చుట్టూ తిరిగి వచ్చి వేసేవాడు. తర్వాత తనవైపు తలుపు. రెండు చప్పుళ్ళు. ఇద్దరూ కాలవ ఒడ్డునో, ద్రాక్షతోటల మధ్యనో తిరిగి చీకటిపడే వేళకు వచ్చేవాళ్ళు. బాల్కనీలోంచి చూసి మా ఆవిడ దెప్పేది.

"చూడుండ్రి, ఆలుమొగలంటె గట్ల కూసోవాలె. మన కార్ల నడుమ మీ ల్యాప్‌టాప్ బ్యాగు కూసుంటది."

ఇక నా గొప్పతనం సంగతి. నేను చేసే ఉద్యోగం, ఒక వస్తువులో ఏ మోడలుకి ఏ భాగం కూడుతుంది, ఏది కూడదు అన్నది కంప్యూటరుకి నేర్పించడం. ఫలానా ఇంజనుంటే ఫలానా సీటు, ఫలానా రంగుంటే ఫలానా తివాచీ, ఇలాంటి నియమాలు రాసి రాసి జుట్టు నెరిసింది. పోయినేడు వసంతంలో ఓనరు గారికి కారు నంబరు ప్లేటు చివర హెచ్ అక్షరం మీద మనసు పడింది. ఇక్కడ ముప్ఫై ఏళ్ళు దాటిన పాతకారు తన అసలు రూపంలోనే ఉందని పరీక్షించి ఆ అక్షరం ఇస్తారు. ఊళ్ళో పాతకార్ల బృందంలో అందరి ప్లేట్ల మీదా ఉంది, ఈయనకే లేదు. ఫ్యాక్టరీలో ఏమేం బిగించి పంపారో తెలుసుకోవాలి, ఇంగ్లిష్ చదవగలిగే మనిషి కావాలి అని నన్నడిగాడు. "అయ్యో, ఇది మా ఆఫీసు పనే కదండీ" అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాన్న ఊరికే అనేవాడు కాదు.

"ఇంట్ల మిక్సీ జారుకు ఏ మూతనో తెల్వదు గని, ఎన్నటిదో కారుకు ఏ సీటో చెప్తరట" అంది మా ఆవిడ. మా అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండా "పాపా, దస్ ఇస్ట్ డొఖ్ ఎగాల్" అంది. అదంతా ఎవరిక్కావాలి నాన్నా అని దానర్థం. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు చెప్పినా నాకు ఎక్కలేదు.

ఇంజను గదిలో ఒక మూల చిన్న రేకు ముక్క బిగించి ఉంటుంది. దాని మీద వరసగా అక్షరాలూ అంకెలూ. ఒక్కో గుర్తు ఒక్కో ఆప్షను: ఇంజను, రంగు, రేడియో, పైకప్పు. ఓనరు గారు టార్చి పట్టుకుంటే నేను ఫోటోలు తీసి, అమెరికాలో ఉండే పాతకార్ల పిచ్చోళ్ళ ఫోరముల్లో పెట్టాను. వాళ్ళు ఎంత మంచివాళ్ళంటే, ఒక స్క్రూ తల ఆకారం మీద కూడా పేజీలు పేజీలు వాదించుకుని మనకి జవాబు చెప్తారు. మొదట తేలింది శుభవార్తే. ఇంజను అసలుదే, ఫ్యాక్టరీలో పెట్టిందే. ఆ మాట చెప్పగానే ఓనరు గారు నన్ను కావలించుకున్నాడు. జర్మన్ మనిషి, అందులోనూ అద్దెకున్నవాణ్ణి! బృందం మీటింగుకి తీసుకెళ్ళి "మా నిపుణుడు" అని పరిచయం చేశాడు. ఆఫీసులో ఎన్నడూ దక్కని మర్యాద. నా తల ఆ రోజు నుంచే తిరిగింది.

ఫోరములో ఒకాయన ఇంకో మాట చెప్పాడు. కారు కట్టేటప్పుడు పనివాళ్ళు ఆ కారు వివరాల కాగితాన్ని వెనక సీటు స్ప్రింగుల్లో దోపి వదిలేసేవాళ్ళట, వెతకమన్నాడు. ఒక శనివారం మేమిద్దరం వెనక సీటు పీకాం. కింద పాత పైసలు, తల పిన్నులు, ఒక పసిపిల్ల చేతితొడుగు, గుప్పెడు ఇసుక. ఓనరమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి వంగి చూసి, "ఇది ఉత్తర సముద్రం ఇసుక" అంది. చిటికెడు తీసుకుని అరచేతిలో రుద్దింది. ఆమె ఇంకా ఏదో చెప్పబోతోంది. నా చేతిలో వాక్యూమ్ క్లీనరు ఉంది. కాగితం కనబడాలన్న ఆత్రంలో నేను దాన్ని ఆన్ చేశాను. ఆమె ఏం చెప్పబోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.

కాగితం దొరికింది. ఎలకలు సగం తిన్నా, కావలసిన గడి మిగిలింది. రేకు మీద గుర్తూ, కాగితం మీద గుర్తూ ఒకటే మాట చెప్పాయి. ఈ కారు విడివిడి సీట్లతో, మధ్యలో డబ్బాలాంటి కన్సోల్‌తో ఫ్యాక్టరీ దాటింది. బెంచీ సీటు దీనిది కాదు. మర్నాడు కిందింట్లో చెర్రీ కేకు తింటూ ఆ సంగతి బయటపెట్టాను. ఓనరు గారి మొహం వాడిపోయింది. అప్పుడు ఓనరమ్మ నవ్వుతూ చెప్పింది. పెళ్ళైన కొత్తలో, మధ్యలో ఆ డబ్బా అడ్డంగా ఉంటే పక్కింటాయనతో ప్రయాణం చేస్తున్నట్టుందని తను గోలపెడితే, ఈయన సైన్యం బస పక్కనున్న పాతసామాన్ల యార్డులో, గుద్దుకున్న ఒక కారులోంచి ఆ బెంచీ పీకి తెచ్చి బిగించాడట. ఇది నిజానికి ఆ కేకు కంటే తియ్యటి కబురు. నేను విన్నాను, తల ఊపాను.

"అప్పట్నుంచీ ఇదే కదా ఉంది" అందామె, భర్త వైపు కాదు, నా వైపు తిరిగి. వాళ్ళు మాట్లాడేది జర్మనే, నా చెవికి ఎలా వినపడిందో అలా రాస్తున్నాను.

"ఎప్పట్నుంచి ఉన్నా ఒరిజినల్ కాదు కదండీ" అన్నాను నేను, నోట్లో కేకు ముక్కతో.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకు ఆ రోజు దాకా సామెతగానే తెలుసు. ఆమె పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఓనరు గారు ఆమె వెళ్ళినవైపు చూసి, నావైపు చూసి, "ఒరిజినలంటే ఒరిజినలే" అని నిట్టూర్చాడు. ఆ రెండు చూపుల మధ్య నేను కల్పించుకుని ఒక్క మాట అనుంటే సరిపోయేది. సీటు ఉండనివ్వండి, అక్షరం లేకపోతే ఏం పోయింది అని. అనలేదు. అంటే నా పరిశోధన ఏం కావాలి?

ఆ తర్వాత అంతా నా ఉత్సాహమే. హాంబర్గ్ రేవులో అమెరికా నుంచి పాత భాగాలు దించుకునే వ్యాపారిని నేనే పట్టాను. అదే సంవత్సరపు విడి సీట్లు, కన్సోలు వచ్చాయి. బెంచీని ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టిందీ నేనే. జీగెన్ అనే ఊరి దగ్గర్నుంచి ఒకాయన వ్యాను వేసుకుని వస్తే, ఒక కొస నేనూ ఒక కొస ఓనరు గారూ పట్టుకుని ఎక్కించాం. ఓనరమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసింది. నేను ఆమెకు చెయ్యి ఊపాను కూడా.

కొత్త సీట్లతో మొదటి ఆదివారం ఆమె రుమాలు కట్టుకునే వచ్చింది. ఆ సీట్లు గిన్నెల్లా లోతుగా, అంచులెత్తుగా ఉంటాయి. ముసలి తుంటితో అందులోకి దిగడమంటే బావిలోకి దిగడమే. ఆయన చెయ్యి పట్టుకున్నాడు, నేను పరిగెత్తుకెళ్ళి కర్ర పట్టుకున్నాను. ఎలాగో కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏం లేదు, ఏం లేదు" అంది. పై ఆదివారం ఓవెన్లో కేకు ఉందంది. ఆ తర్వాతి ఆదివారం కూతురు ఫోను చేస్తుందంది. తర్వాత సాకు చెప్పడం కూడా మానేసింది, ఆయన అడగడమూ మానేశాడు.

తనిఖీకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిన రోజు నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. తనిఖీ చేసే ఆయన కారు చుట్టూ తిరిగి, కింద దూరి, అన్నీ బాగున్నాయన్నాడు. గర్వం ఆపుకోలేక నేను పాత బెంచీ కథ చెప్పి, దాన్ని తీసేసి అసలు సీట్లు పెట్టించామన్నాను. ఆయన తలెత్తి, ఆ బెంచీ ఎప్పుడు వేశారని అడిగాడు. కారు కొత్తలోనే అని ఓనరు గారు చెప్పాడు.

"అలాగైతే ఎందుకు తీశారు?" అన్నాడాయన. "ఆ రోజుల్లోనే, ఆ కాలపు భాగంతోనే చేసిన మార్పు చరిత్ర కిందే లెక్క. నేను దాంతోనే పాస్ చేసేవాణ్ణి."

ఆ నియమం ఎక్కడో దాక్కుని లేదు. నేను చదివిన పేజీలోనే, నేను చదవడం ఆపిన చోటుకి కాస్త కింద ఉంది. దారిలో ఓనరు గారు నన్ను తిట్టుంటే బాగుండేది. ప్లేటు మీద హెచ్ వచ్చింది. బృందంవాళ్ళు బీరు తాగి ఫోటోలు తీసుకున్నారు. ఫోటోలో ఆయన కారు పక్కన, తద్దినానికి వచ్చిన చుట్టంలా నిలబడ్డాడు.

జీగెన్ ఆయనకి రాశాను, ఎంతకైనా సరే సీటు వెనక్కిమ్మని. పాపం వెంటనే ఫోటో పంపాడు. దాన్ని కోసి, కాళ్ళు బిగించి, తన వర్క్‌షాపులో సోఫా చేసుకున్నాడు. దాని మీద ఓ కుక్క పడుకుని ఉంది.

ఈ ఏడు వసంతంలో ఇక ఉండబట్టలేక, ఓనరు గారు షికారుకెళ్ళిన వేళ చూసి కిందికి దిగాను. ఓనరమ్మ పెరట్లో కూర్చుని తెల్ల ఆస్పరాగస్ కాడలకు తొక్క తీస్తోంది. తప్పంతా నాదేనని చెప్పాను. ఆమె చాకు ఆపకుండానే వింది.

"మీరు చెప్పింది అబద్ధం కాదుగా" అంది. "కారుకేం కావాలో ఆయన మిమ్మల్నడిగాడు. నన్నడగలేదు. మీరూ అడగలేదు."

అలాంటి బెంచీలు ఇంకా దొరుకుతాయి, అదే రంగుది, అదే కొలతది ఎక్కడున్నా వెతికి తెస్తాను అన్నాను. అప్పుడు తల ఎత్తింది. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు.

"అది ఒరిజినల్ కాదు కదా" అంది. నా చేతికి ఇంకో చాకిచ్చి, కూర్చుని తొక్కలు తియ్యమంది. తీశాను.

ఇది రాస్తుండగానే ఇంజను చప్పుడు వెనక్కి వచ్చింది. ఒకప్పుడు చీకటి పడితే గానీ రాని కారు, ఇప్పుడు నా టీ పూర్తిగా చల్లారకముందే వచ్చేస్తుంది. ఒక తలుపు పడింది. బాల్కనీలోంచి చూస్తే, ఓనరు గారు బేకరీ పొట్లం రెండు చేతులతో పట్టుకుని, తప్పు చేసి ఇంటికొచ్చిన పిల్లాడిలా గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కారు ఫ్యాక్టరీ దాటిన రోజున ఎలా ఉందో ఇవాళ నేను వేలుపెట్టి చెప్పగలను. ఆ ఒక్క రోజును తిరిగి తేవడానికి, వాళ్ళిద్దరూ భుజం భుజం ఆనించి కూర్చున్న ఇన్నేళ్ళ ఆదివారాలనూ నా చేతులతో ఊడబీకి వ్యానెక్కించాను.