మాడు వాసన

అమెరికాలోని బెంటన్‌విల్‌లో నా రూమ్మేట్‌కి ఒక అలవాటుండేది. పాడైన ప్రతి వస్తువుతోనూ మాట్లాడుతూ బాగుచేసేవాడు. "ఏమైందిరా నీకు?" అని డిష్‌వాషర్‌ని కూడా అడిగేవాడు.

సిగరెట్ మానాలని నేను వేప్‌కి, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్‌కి, మారిన రోజులవి. అందులో లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్ నేనే చుట్టి, దూది నేనే పెట్టుకునేవాణ్ణి. ఒక సాయంత్రం ఎన్నిసార్లు పీల్చినా గొంతులోకి మాడు వాసనే వచ్చింది. దూది మార్చినా పోలేదు. విసుగొచ్చి సిగరెట్ పెట్టె కొనడానికి బయల్దేరాను.

"ఆగు తమ్మీ, ఒక్కసారి చూడనీ" అంటూ అతను వేప్ తీసుకుని విప్పాడు. "ఇంత కూరితే నీకు ఊపిరెట్ల ఆడతది?" అని కాయిల్‌ని పలకరించాడు. దూది మరీ బిగుతుగా ఉండి లిక్విడ్ కాయిల్ దాకా రావడం లేదట. సగం దూది తీసేసి, మిగతాది వదులుగా దూర్చి, బాగా తడిపి ఇచ్చాడు. భయపడుతూనే పీల్చాను. మాడు వాసన లేదు. ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు సిగరెట్ కూడా ముట్టవు కదన్నా, ఇదంతా ఎలా తెలుసు?"

"మా సొంత అన్న కోసం నేర్చుకున్న. ఆయన మానలే. నువ్వైన మానెయ్."

మానేశాను. పోయినేడాది వేప్ కూడా వదిలేశాను. ఆ సంగతి అతనికి ఫోన్‌లో చెప్పాను. గట్టిగా నవ్వాడు.